ప్రాంతాభివృద్ధి యెవరిది? స్త్రీపురుష భేదమును, సామాజిక వైవిధ్యమును గణించు దృష్టిని గూర్చి ఒక సమీక్ష

తెలుగునేలపై అభివృద్ధిని గూర్చిన వాదములన్నియు చిరకాలముగ ప్రాంతముల పేరిటనే సాగుచు వచ్చినవి. 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక మొదలు 1956 నాటి పెద్దమనుషుల ఒప్పందము, 1973 నాటి ఆరు సూత్రముల పథకము, 2014 నాటి రాష్ట్ర పునర్విభజన చట్టము వరకు ఏ పత్రమును తిరుగవేసి చూచినను, ఈ సీమకు నీరు చాలదు, ఆ సీమకు ఉద్యోగములు చాలవు, వేరొక సీమకు నిధులు చాలవు అను ఆవేదనయే వానికెల్ల మూలమై కనబడును. ఆ ఆవేదన న్యాయమైనది. రాయలసీమలోని నాలుగు జిల్లాలను, ఉత్తరాంధ్రలోని మూడు జిల్లాలను వెనుకబడినవిగ గుర్తించి, జిల్లాకు ఏడాదికి 50 కోట్ల రూపాయల చొప్పున ప్రత్యేక సహాయ మొసగుటకు కేంద్రప్రభుత్వము 2014 అనంతరము పూనుకొనుటయు ఆ న్యాయమును కొంతవరకైన అంగీకరించుటయే.

అయితే జిల్లా వెనుకబడినదని నిర్ణయించిన పిమ్మట, ఆ జిల్లాయందు వెనుకబడినవా రెవరను ప్రశ్న సాధారణముగ వినబడదు. శ్రీకాకుళము జిల్లా పలాసలో దినమంతయు కూర్చుండి జీడిపిక్కల పొట్టు తీసి, పప్పును రకములుగ ఏరు స్త్రీకిని, ఆ కార్ఖానా యజమానికిని జిల్లా యొక్కటే; జిల్లా తలసరి ఆదాయములో వారిరువురును సమభాగస్వాములుగనే లెక్కకు వత్తురు. ప్రాంతమును ఒక వ్యక్తివలె భావించి, దాని ఆదాయము పెరిగిన అందరి ఆదాయమును పెరుగునని నమ్ముట ప్రాంతీయ ప్రణాళికలకు పుట్టుకతో వచ్చిన దోషము. ఈ దోషమును సవరించుటకై గడచిన ఐదు దశాబ్దములలో క్రమక్రమముగ రూపొందినదే మనమిప్పుడు సమీక్షింపబూనిన దృష్టి. ఒక పథకము కాగితముపై నుండగనే, అది స్త్రీలకును పురుషులకును, వారిలోను కులము, తెగ, వయస్సు, వైకల్యము, నివాసము మున్నగు భేదములు గలవారికిని ఏయే తీరుల వేరువేరుగ తగులునో పరిశీలించుట, ఆ పరిశీలన ననుసరించి పథకమునే మార్చుట, ఇవి రెండును దాని అంగములు. రెండవ అంగము లేని మొదటిది నిష్ప్రయోజనము.

స్త్రీలకొక పథకము పెట్టుట వేరు, పథకములన్నింటిని స్త్రీపురుష భేదదృష్టితో పరీక్షించుట వేరు. మొదటి విషయమున తెలుగు రాష్ట్రములు దేశమునకే మార్గము చూపినవి. రెండవ విషయమున ఇంకను తొలిమెట్టునందే నిలిచియున్నవని నా నిశ్చితాభిప్రాయము.

ఈ దృష్టి పరదేశములనుండి దిగుమతియైనదని తలచువారు కలరు. దాని చరిత్ర అంత సరళమైనది కాదు. డెన్మార్కు దేశపు అర్థశాస్త్రవేత్త ఎస్టర్ బోసరప్ 1970లో ప్రకటించిన గ్రంథము, నూతన వ్యవసాయ సాధనములును శిక్షణయు పురుషుల చేతికే అందుటవలన ఆఫ్రికా, ఆసియా ఖండములలో స్త్రీల ఆర్థికస్థానము అభివృద్ధితోపాటు పెరుగుటకు మారుగ పెక్కుచోట్ల దిగజారినదని చూపి, ఆలోచనాపరులను కదలించినమాట వాస్తవము. కాని మన దేశమున స్త్రీల స్థితిగతులను విచారించిన సంఘము 1974లో సిద్ధపరచిన నివేదిక, జనాభాలో స్త్రీల నిష్పత్తి దశాబ్ద దశాబ్దమునకు తరుగుచున్నదనియు, వృత్తులలోను ఉద్యోగములలోను వారి పాలు సన్నగిల్లుచున్నదనియు మన లెక్కలతోనే మన కన్నులు తెరిపించెను. ఆరవ పంచవర్ష ప్రణాళిక (1980-85) స్త్రీలను గూర్చి తొలిసారిగ ఒక ప్రత్యేకాధ్యాయమును చేర్చుటకు ఆ నివేదిక కల్పించిన కలవరమే ప్రధానకారణము. ఎలా భట్ అధ్యక్షతన ఏర్పడిన సంఘము 1988లో సమర్పించిన ‘శ్రమశక్తి’ నివేదిక, బీడీలు చుట్టువారిని, కూరగాయలు తలకెత్తుకొని అమ్మువారిని, ఇంట కూర్చుండి పనిచేయువారిని దేశపు ఆర్థికవ్యవస్థలో అంతర్భాగముగ గణింపవలెనని వాదించెను.

పరిశీలనకు వలసిన సాధనములును ఆ కాలముననే సిద్ధమైనవి. ఎవరేమి పని చేయుచున్నారు, ఏ వనరు ఎవరికి అందుచున్నది, అందిన వనరుపై అధికార మెవరిది అను మూడు ప్రశ్నలను విడదీసి అడుగు పద్ధతి 1980-90 దశకమున హార్వర్డు పండితుల వలన ప్రచారమునకు వచ్చెను. ఈ మూడింటిలో రెండవదానిని మూడవదానినుండి వేరుచేసి చూచుటయే దాని ప్రయోజనము. గేదె ఆలనాపాలనా స్త్రీదే యైనను, పాలడబ్బు ఎవరి చేతబడునను ప్రశ్న వేరుగనే నిలుచును. మాక్సీన్ మాలిన్యూ, కారొలీన్ మోజర్ అను ఇరువురు విదుషీమణులు స్త్రీల తక్షణావసరములకును, వారి స్థానమునే మార్చగల దీర్ఘకాలికావసరములకును గల భేదమును వివరించిరి. వీధిలో కొళాయి వేయించుట మొదటి తరగతిది, పట్టాలో పేరెక్కించుట రెండవ తరగతిది. పిమ్మట 1989లో అమెరికా న్యాయశాస్త్రవేత్త కింబర్లే క్రెన్షా, నల్లజాతి స్త్రీల కష్టము జాతి కష్టముగ గాని, స్త్రీజాతి కష్టముగ గాని విడివిడిగ చూచిన న్యాయస్థానములకు అసలే కనబడకుండ పోవుచున్నదని నిరూపించెను. దళితస్త్రీ బ్రతుకెరిగిన తెలుగు పాఠకులకు ఈ సంగతి వివరించి చెప్పనక్కరలేదు. పొలమున కూలిదిగ, ఊరిలో అంటరానిదిగ, ఇంట భార్యగ ఆమె మోయునవి మూడు బరువులు కావు, ముప్పేటగ పెనవేసుకొన్న ఒకే బరువు.

ఈ దృష్టిని ప్రభుత్వ నియమముగ చేసికొన్న దేశములలో కెనడా ముఖ్యమైనది. 1995లో ఆ దేశపు ప్రభుత్వము తన శాసనములను, పథకములను స్త్రీపురుష భేదదృష్టితో పరీక్షింతునని ప్రతిజ్ఞ చేసెను. 2011 నాటికి వయస్సు, జాతి, ఆదిమవాసిత్వము, వైకల్యము మొదలగు భేదములనుగూడ ఆ పరీక్షలో చేర్చెను. 2018లో ఆయవ్యయ పట్టికకే ఈ దృష్టిని ముడివేయు చట్టమును చేసెను. పడమటి రాష్ట్రముల ఆర్థికాభివృద్ధికై 1987లో నెలకొల్పిన సంస్థ 2021లో రెండుగ చీలగా, నేడు ఆ విశాలదేశమున ఏడు ప్రాంతీయాభివృద్ధి సంస్థలు గలవు. వ్యాపారములకు సహాయము చేయునపుడు అవియు ఈ నియమమునకు బద్ధములు. నూనె, గనులు, కలప మీద బ్రతుకు ప్రాంతములలో పురుషులకే పనులు దొరకుననియు, బయటినుండి వచ్చిన వేలకొలది కూలీలు గుడారములు వేసికొన్న చోట ఆదిమవాసి స్త్రీలపై హింస పెచ్చుపెరుగుననియు అచ్చట అనుభవపూర్వకముగ తెలిసినది. ఆదిమవాసి స్త్రీల అదృశ్యములను, హత్యలను విచారించిన జాతీయసంఘము 2019లో ఈ సంబంధమును స్పష్టముగ ప్రకటించినది. ఆ యేటనే చేసిన ప్రభావపరిశీలన చట్టము, పెద్ద ప్రాజెక్టులకు అనుమతి నిచ్చుటకు ముందు స్త్రీపురుష భేదమును, తదితర భేదములతో దాని కలయికను గణింపవలెనని శాసించెను.

ఇంత ఏర్పాటు గలిగియు, ఆ దేశపు ఆడిటర్ జనరల్ 2009లో, తిరిగి 2015లో, మరల 2022లో తనిఖీ చేసినప్పుడెల్ల లోపములే బయల్పడినవి. కొన్ని శాఖలు పరిశీలన చేయనే లేదు. చేసినచోట్ల అది అరకొరగ నుండెను. ఫలితము లెట్లున్నవో కనుగొనుటకు వలసిన లెక్కలు లేకపోయెను. నిర్ణయము ముగిసిన పిదప వ్రాయు పరిశీలన ఆ నిర్ణయమునకు సమర్థనమే యగును గాని పరీక్ష కాజాలదు. చట్టముండిన చోటనే ఇట్లుండగా, చట్టమే లేనిచోట ఎంత మెలకువ వలయునో ఊహించుకొనవచ్చును.

ఇక మన సంగతి. ప్రాంతీయ పథకములలో అన్యాయము ఉద్దేశపూర్వకముగ జరుగుట అరుదు. అది చాలవరకు లెక్కకు తీసికొను ఏకాంశము వెనుక దాగియుండును. కుటుంబము, పట్టాదారు, మగ్గము, నావ అని లెక్కించినచో, ఆ కుటుంబములోని, ఆ మగ్గము వెనుకనున్న, ఆ నావ ఒడ్డుకు చేరువరకు ఎదురుచూచు మనిషి లెక్కలోనుండి జారిపోవును.

నర్మదా జలవివాద ట్రిబ్యునల్ 1979లో ఇచ్చిన తీర్పు దీనికి ఉజ్జ్వలమైన నిదర్శనము. ముంపునకు గురియైన కుటుంబమున యుక్తవయస్సు వచ్చిన ప్రతి కుమారుని వేరొక కుటుంబముగ పరిగణించి భూమి యొసగవలెనని ఆ తీర్పు ఉదారముగనే నిర్దేశించెను. యుక్తవయస్సు వచ్చిన కుమార్తెకు మాత్రము అట్టి స్థానము లేకపోయెను. తీర్పు వ్రాసినవారికి ఆడపిల్లలయందు ద్వేషముండెనని ఎవరును అనజాలరు. ఆడపిల్ల మరొక ఇంటికి పోవునది గదా యను సామాన్యభావనయే శాసనమై కూర్చున్నది. ముప్పది నాలుగేండ్ల తరువాత, 2013 నాటి భూసేకరణ చట్టము యుక్తవయస్సు వచ్చిన స్త్రీని గాని పురుషుని గాని వేరు కుటుంబముగను, వితంతువులను, విడాకులు పొందినవారిని, కుటుంబముచే విడువబడిన స్త్రీలను ప్రత్యేక కుటుంబములుగను గుర్తించెను. గోదావరి లోయలో పోలవరము ముంపుగ్రామముల కొండరెడ్లకు, కోయలకు ఇది పుస్తకములలోని చర్చ కాదు. పునరావాస జాబితాలో ఎవరి పేరెక్కునో, ఎవరి పేరెక్కదో ఈ నిర్వచనమే తేల్చును.

భూమి విషయమున తెలుగునేల ఒకప్పుడు ముందడుగు వేసినది. హిందూ వారసత్వ చట్టమునకు ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబరు నుండి, అప్పటికి పెండ్లికాని కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో కుమారులతో సమానమైన హక్కు నొసగెను; దేశమంతట ఆ హక్కు వచ్చుటకు మరి ఇరువది సంవత్సరములు పట్టెను. అయినను చట్టములోని హక్కు పాసుపుస్తకములోనికి దిగుట బహుమందము. 2015-16 వ్యవసాయ గణనము ప్రకారము దేశమున సాగుకమతములలో స్త్రీల పేరనున్నవి సుమారు 14 శాతము మాత్రమే; తెలుగు రాష్ట్రములలో ఆ పాలు అంతకంటె అధికమైనను సగమునకు చాల దూరము. ఇట్టిచోట, తెలంగాణ ప్రభుత్వము 2018లో ఎకరమునకు పంట కాలమునకు నాలుగువేల రూపాయల చొప్పున రైతుబంధు సహాయము నారంభించినప్పుడు, ఆ సొమ్ము పట్టాను అనుసరించి పోయెను. నాట్లు వేయునది, కలుపు తీయునది, పత్తి ఏరునది స్త్రీ. సొమ్ము అందునది పట్టాదారునకు. భూమి లేని కౌలురైతుకును అది అందలేదు. కౌలురైతు భార్యకు అందుటను గూర్చి అడుగనే యక్కరలేదు. ఆమె దుర్దశ అంతటితో తీరదు. అప్పులపాలై భర్త ప్రాణము తీసికొన్నచో, ప్రభుత్వ ఉత్తర్వుల ప్రకారము రావలసిన పరిహారమునకై అధికారుల విచారణ యెదుట నిలుచునప్పుడు, భర్త పేర పాసుపుస్తకము లేని వితంతువు అతడు రైతని నిరూపించుకొనుటయే దుష్కరము. రైతుబంధు స్త్రీలకు వ్యతిరేకముగ రూపొందినది కాదు. పట్టాను ఏకాంశముగ గ్రహించుటలోనే ఫలితము ముందుగ నిర్ణయమైపోయినది. అదే తెలంగాణమున 2014లో భూమిలేని దళిత కుటుంబములకు మూడెకరములు ఇచ్చు పథకమున పట్టాలు స్త్రీల పేర వ్రాయించుట, ఏకాంశము మార్చిన ఫలిత మెట్లు మారునో చూపుచున్నది. పంచిన భూమి అల్పమగుట వేరొక చర్చ.

చేనేతకు వత్తము. పోచంపల్లి, గద్వాల, మంగళగిరి, వెంకటగిరి, చీరాల యని మన ప్రాంతములకు పేరు తెచ్చిన పరిశ్రమ యిది. సహకార సంఘమున సభ్యత్వము మగ్గమునకు, మగ్గము పురుషునకు. కండెలు చుట్టుట, పడుగు సరిచేయుట, ఆసు పోయుట స్త్రీలకు, వృద్ధులకు, పిల్లలకు. నేతకు కూలి గలదు గాని, నేతకు పూర్వమైన ఈ పనులకు వేరుగ కూలి లేదు. అవి ఇంటిపనిలో కలిసిపోయినవి. పోచంపల్లి తరహా చీరకు ఆసు పోయుటలో మేకుల చుట్టు దారమును త్రిప్పుచు చేయి వేలమార్లు వెనుకకు ముందుకు ఆడవలెను. భుజము పట్టుకొనిపోవును, చూపు మందగించును. ఆలేరు ప్రాంతపు నేతకుటుంబమున పుట్టిన చింతకింది మల్లేశము తన తల్లి లక్ష్మి ఈ పనితో పడు యాతన చూడలేక, ఏండ్ల తరబడి శ్రమించి 1999లో ఆసు యంత్రమును నిర్మించెను. దానికి తల్లి పేరే పెట్టెను. 2017లో పద్మశ్రీ పురస్కారమును పొందెను. చేనేత అభివృద్ధికై పథకములు వ్రాసినవారు మగ్గములను మెరుగుపరచుట, నూలుకు రాయితీ యిచ్చుట, అమ్మకమునకు పండుగ తగ్గింపులు ప్రకటించుట వీనిని గూర్చి దశాబ్దములు ఆలోచించిరి. మగ్గమునకు ముందు జరుగు పనిని, అది చేయు చేతిని చూచినవాడు తల్లి ప్రక్కన కూర్చున్న కుమారుడు. ‘ఎవరేమి పని చేయుచున్నారు’ అను ప్రశ్నను చిత్తశుద్ధితో అడిగిన, దాని జవాబు ఉత్పత్తిని పెంచు యంత్రముగ గూడ పరిణమింపగలదనుటకు ఇంతకంటె మేలైన సాక్ష్యము నాకు తోచదు.

తీరప్రాంతమునను ఇదే కథ. మరనావలకు, రేవులకు, మంచుకర్మాగారములకు సహాయము లభించినకొలది, ఊరి ఒడ్డున చేపలు కొని గంపనెత్తుకొని ఇల్లిల్లు తిరిగి అమ్ము మత్స్యకార స్త్రీ, దూరపు రేవులోని పాటదారులతో పోటీపడలేక వెనుకకు జరిగినది.

స్త్రీలకై ఏర్పడిన పథకములలో మన ప్రాంతము సాధించినదానిని తక్కువచేసి చెప్పుట కృతఘ్నత యగును. 1982-83లో ఐక్యరాజ్యసమితి బాలల నిధి తోడ్పాటుతో దేశమున ఏబది జిల్లాలలో ఆరంభమైన ద్వాక్రా, తెలుగునేలపై వేళ్ళూనినట్లు మరెచ్చటను వేళ్ళూనలేదు. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమము వారి ఆసరాతో కర్నూలు, అనంతపురము, మహబూబ్‌నగరు జిల్లాలలో జరిగిన ప్రయోగము, 2000లో ప్రపంచబ్యాంకు రుణముతో ఆరు వెనుకబడిన జిల్లాలలో మొదలైన వెలుగు, పిదప ఇందిరా క్రాంతి పథము, ఒకదానిపై నొకటి పేర్చుకొనుచు గ్రామసంఘము, మండల సమాఖ్య, జిల్లా సమాఖ్యలను నిర్మించి, ఉమ్మడి రాష్ట్రమున కోటిమందికి పైగా స్త్రీలను ఒక్క వ్యవస్థలోనికి తెచ్చినవి. బ్యాంకు గడప నెన్నడు త్రొక్కని స్త్రీ మేనేజరు ఎదుట కుర్చీలో కూర్చుండి లెక్క అడుగుట సామాన్య విషయము కాదు.

అయితే దీనికి పూర్వరంగమున జరిగిన ఒక ఉద్యమమును మన అభివృద్ధి చరిత్రకారులు తగినంత గౌరవముతో చదువలేదని నా బాధ. నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమము సాగుచుండగా, రాత్రిబడిలో కూర్చున్న దూబగుంట స్త్రీలు తమ ఊరి సారాకొట్టును మూయించిరి. 1992లో ఆ నిప్పు జిల్లాయంతట, పిదప రాష్ట్రమంతట ప్రాకెను. 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధము, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను; 1997లో ఆదాయము చాలదని ఆ నిషేధమును సడలించిరి. ఆ స్త్రీలు చేసినది నీతిబోధ మాత్రమే కాదు. ప్రభుత్వాదాయము ఎక్కడినుండి వచ్చుచున్నదని వారడిగిరి. మగవాని కూలిలోనుండి సారాపాటకు, సారాపాటలోనుండి ఖజానాకు, ఖజానాలోనుండి అభివృద్ధి పథకములకు పోవు సొమ్ము, ఆ మార్గమున ఏ ఇంటి పొయ్యిని ఆర్పుచున్నదో వారు ఎత్తిచూపిరి. స్త్రీపురుష భేదదృష్టిని గూర్చి వ్రాయు పండితులు ఎక్కువగ వ్యయమునే పరీక్షింతురు. ఆదాయమును పరీక్షించిన వారు దూబగుంట చదువురాని తల్లులు. నేటికిని రెండు తెలుగు ప్రభుత్వముల సంక్షేమవ్యయము మద్యపు రాబడిపై ఎంతగ ఆధారపడియున్నదో తలచిన, ఆ పరీక్ష ఎక్కడ ఆగిపోయినదో తెలియును.

ద్వాక్రా వ్యవస్థకు మరియొక ముఖము కలదు. సంఘములు బలపడినకొలది, ప్రతి శాఖయు తన పనిని వాని భుజములపై వేయసాగినది. మరుగుదొడ్ల నిర్మాణము, ధాన్యము కొనుగోలు, మధ్యాహ్నభోజనపు వంట, సభలకు జనసమీకరణము, ఒకటేమి! 2019లో జరిగిన జాతీయ కాలవినియోగ సర్వే ప్రకారము ఇంటిపని చేయు స్త్రీలు అందుకై దినమునకు సగటున 299 నిమిషములు వెచ్చింపగా, చేయు పురుషులు 97 నిమిషములు వెచ్చించిరి. పురుషులలో ఆ పని చేయువారే నాలుగింట ఒకరు. ఇంటిపనిలో సగమైన తగ్గింపక పథకముల పనిని పైన పేర్చుట స్త్రీల కాలము తరుగనిదని భావించుటయే. రుణము విషయమునను ఇట్లే జరిగినది. సంఘములు నేర్పిన క్రమశిక్షణను చూచి ప్రైవేటు సూక్ష్మరుణ సంస్థలు గ్రామములలోనికి చొచ్చుకొనివచ్చి, ఒక్క ఇంటికి నాలుగైదు అప్పులంటగట్టి, వారము వారము వసూళ్ళకై తోటి సభ్యురాండ్రనే ఉసికొల్పుటచే ఆత్మహత్యలు సంభవింపగా, 2010 అక్టోబరులో ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చి, వసూలు నెలకొకమారు, పంచాయతీ కార్యాలయము వంటి బహిరంగస్థలముననే జరుగవలెనని కట్టడి చేసెను. అప్పు స్త్రీ పేర నుండుట, ఆ అప్పుతో కొన్న వస్తువుపై అధికారము ఆమెకు లేకుండుట, ఈ రెంటి నడుమ గల అగాధమును పథకకర్తలు మరణములు సంభవించిన పిదపనే కొలిచిరి.

వైవిధ్యమను మాట ఇచ్చటనే అర్థవంతమగును. సంఘమున నున్నవారందరు స్త్రీలే యైనను, అందరు ఒకే స్త్రీ కారు. పొదుపు క్రమముగ చెల్లింపగలవారే సంఘమున నిలుతురు గనుక, వలసపోవు పాలమూరు కూలితల్లి, కొండమీది గిరిజన స్త్రీ, నడువలేని వికలాంగ స్త్రీ మొదట జారిపోవుదురు. ఆరంభమునుండియే అట్టివారితో పని మొదలిడిన ఉదాహరణమును జహీరాబాదు ప్రాంతమున చూడవచ్చును. 1983లో ఏర్పడిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత స్త్రీల సంఘములతో బీడుభూములను సాగులోనికి తెచ్చి, జొన్న, సజ్జ, కొర్రలను విత్తనముతో సహా వారి చేతికే అప్పగించి, ఆ ధాన్యముతోనే గ్రామమున పేదలకు పంపిణీ నడిపించెను. మాచునూరునుండి వారి స్వరము రేడియోలో వినిపింపజేసెను. ఆకలి ఎవరి ఇంట ముందుగ మొదలగునో ఎరిగినవారే తమ ఊరి పేదల జాబితాను తయారుచేసిన తీరు అధికారులకు పాఠమైనది. వరికే రాయితీలను ముడివేసిన ప్రణాళిక, మెట్టభూమి గల దళితస్త్రీని ఎట్లు పేదరాలిగ మార్చినదో ఆ సంఘముల అనుభవము చెప్పుచున్నది.

గిరిజన ప్రాంతములకై సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థలు ఐదవ ప్రణాళిక నాటినుండి గలవు. 1956లో నెలకొన్న గిరిజన సహకార సంస్థ, చింతపండు, కుంకుడుకాయ, తేనె తెచ్చు స్త్రీలకు సంతదళారినుండి కొంత రక్షణ నిచ్చినది. 2006 నాటి అటవీహక్కుల చట్టము పోడుభూమి పట్టాను భార్యాభర్త లిరువురి పేర ఉమ్మడిగ వ్రాయవలెనని శాసించుట చిన్న నిబంధనగ కనబడినను, నేను పైన చెప్పిన ఏకాంశమును మార్చిన శాసనములలో శ్రేష్ఠమైనది. 2013లో ఆంధ్రప్రదేశ్ చేసిన ఉపప్రణాళికల చట్టము షెడ్యూల్డు కులములకు, తెగలకు వారి జనాభా ననుసరించి నిధులు కేటాయింపజేసెను. ఆ నిధులలో ఆ కులముల, తెగల స్త్రీలకు చేరునదెంతయో వేరుగ ప్రకటించుట వాడుకలోనికి రావలసియున్నది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము పేదరిక నిర్మూలన పథకములలో ఐదు శాతము వికలాంగులకు, అందును స్త్రీలకు ప్రాధాన్యముతో, కేటాయింపవలెనని చెప్పుట అధికారులలో ఎందరికి తెలియునో యని నాకు విచారము కలుగుచుండును.

పరిశ్రమల ద్వారా ప్రాంతములను మేల్కొలుపుట నేటి ప్రభుత్వముల ప్రియవిధానము. అచ్యుతాపురము వస్త్రపరిశ్రమలోను, శ్రీసిటీలోని ఫోన్ల కర్మాగారములలోను బారులుతీరి పనిచేయువారిలో అత్యధికులు పల్లెలనుండి బస్సులలో వచ్చు యువతులే. వారి చేతికి తొలిసారిగ నెలజీతము వచ్చుట మహోపకారము; దానిని కాదనువాడు ఆ యువతుల ముఖములు చూడనివాడు. కాని రాయితీ ఒప్పందమున భూమి ధర, విద్యుత్తు ధర, పన్ను మినహాయింపు సవివరముగ నుండగా, రాత్రివేళ ప్రయాణము, వసతి గృహము, పసిపిల్లల సంరక్షణ, పెండ్లియైన పిదప పని నిలుచుట, వరుస పర్యవేక్షకుని స్థానమునకు పైన స్త్రీ యెదుగుట వీని ప్రసక్తి అంతే వివరముగ నుండవలెను గదా. పెట్టుబడికి ఇంత, ఉద్యోగమునకు ఇంత అని రాయితీని లెక్కగట్టువారు, రెండేండ్లకు మించి నిలిచిన ఉద్యోగమునకు ఇంత అని లెక్కగట్టుట ఏమంత కష్టము కాదు.

రాజధాని అమరావతి విషయమున ఈ అంతరము మరింత స్ఫుటముగ కనబడును. 2015లో ఆరంభమైన భూసమీకరణమున భూస్వామికి అభివృద్ధిపరచిన స్థలములు, ఏటేట కౌలు లభించునట్లు ఏర్పాటైనది. ఆ పొలములలో ఏడాది పొడుగున కూరగాయలు, పూలు కోసి, అరటితోటలలో పనిచేసి బ్రతికిన స్త్రీలకు భూమి లేదు. భూమి లేని కుటుంబమునకు నెలకు 2,500 రూపాయల పింఛను నిర్ణయమైనది. ఒక ఇంట ముగ్గురు స్త్రీలు మూడు కూళ్ళు సంపాదించినను, పోయిన మూడు కూళ్ళకు వచ్చినది ఒక్క పింఛను. ఇచ్చటను కుటుంబమే ఏకాంశము. భూమి విలువ గజములలో కొలువబడినది, పని విలువ ఇంటికొక మొత్తముగ కొట్టివేయబడినది.

లెక్కల విషయమున ఒక మాట. 2005-06 నుండి కేంద్ర ఆయవ్యయ పట్టికకు స్త్రీలకు ఉద్దేశింపబడిన వ్యయమును చూపు ప్రత్యేక ప్రకటన జతపడుచున్నది. పూర్తిగ స్త్రీలకే యైన పథకములు ఒక భాగమున, కనీసము ముప్పది శాతము స్త్రీలకు చేరునవి రెండవ భాగమున చూపుదురు. ఆలోచన మంచిది. కాని ఇంటిపట్టా స్త్రీ పేర నుండునని గృహనిర్మాణ వ్యయమంతయు మొదటి భాగమున చేర్చుటవలన, ఆ మొత్తము పెద్దదిగ కనబడును గాని, నిర్ణయము ఎక్కడను మారదు. వ్యయమును వర్గీకరించుట పరిశీలనము కాదు. ఇట్టి పరిశీలన పెట్టుబడిని ఆలస్యము చేయునని వాదించువారికి నా సమాధానమొకటే: ముంపు జాబితాలలో, పరిహార వ్యాజ్యములలో ఏండ్ల తరబడి జరుగు ఆలస్యముతో పోల్చిన, ముందుగ అడుగు ప్రశ్నలకు పట్టునది స్వల్పకాలము.

సాధనము కొరకు మనము దూరదేశములకు పోనక్కరలేదు. 2006 ఫిబ్రవరిలో అనంతపురము జిల్లా బండ్లపల్లియందు ఆరంభమైన ఉపాధిహామీ, స్త్రీలకు మూడవ వంతు పని తప్పనిసరి చేయగా, తెలుగు రాష్ట్రములలో ఆ పాలు సగమును మించినది. స్త్రీపురుషులకు సమానమైన కూలి, పనిస్థలమున పసిపిల్లలకు నీడయు ఆయాయు చట్టములోనే వ్రాయబడుట ఒక కారణము. మస్టరును గ్రామసభలో బిగ్గరగ చదివి, పేరున్నవారిని పని చేసితివా, కూలి అందినదా యని అడుగు సామాజిక తనిఖీ మరొక కారణము. ఈ తనిఖీకై ఉమ్మడి రాష్ట్రము 2009లో స్వతంత్ర సంస్థను నెలకొల్పి దేశమునకు ఆదర్శమైనది. కూలిపనికి చెల్లు ఈ పద్ధతి పరిశ్రమల రాయితీకి, భూకేటాయింపునకు, పునరావాస జాబితాకు, రుణపంపిణీకి చెల్లకుండుటకు కారణమేదియు లేదు. ఎందరు స్థానిక స్త్రీలకు పని దొరకినది, ఏ కులముల ఏ తెగలవారికి, ఎంత జీతమునకు, ఎన్నాళ్ళు; ఎవరి పేర పట్టా వచ్చినది, ఎవరి పేర అప్పు మిగిలినది; ఇవన్నియు జిల్లా కార్యాలయములలోని పుస్తకములే చెప్పగలవు, వానియందు స్త్రీపురుష భేదము, కులము, తెగ, వైకల్యము విడివిడిగ నమోదైనచో. ఆ నమోదును తప్పనిసరి చేసి, మంజూరుకు ముందొకమారును, మూడవ యేట మరొకమారును బాధిత గ్రామముల సభలో చదివించి, సభ అభ్యంతరము తెలిపిన పథకమును సవరించువరకు నిధులు నిలిపివేయు అధికారమును అట్టి స్వతంత్ర సంస్థకే ఉత్తర్వు ద్వారా ఒసగవలెను. రెండు రాష్ట్రముల ప్రణాళికాశాఖలును వెంటనే చేపట్టదగిన పని యిది.